తుక్కులోకా? తెరమీదకా?

హీరోకి వయసు మీదపడితే తండ్రి వేషాలు వేస్తాడు. హీరోయిన్ వదిన అవుతుంది, అమ్మ అవుతుంది, ఓపికుంటే గయ్యాళి అత్తగా ఇంకో పదేళ్లు ఏలుతుంది. మరి వాళ్లిద్దర్నీ ఎక్కించుకుని పాటలో ఘాట్ రోడ్డంతా తిరిగిన కారుకి వయసు మీదపడితే?

ఎవరూ అడగరు. పాట అయిపోయింది, కారు వెళ్లిపోయింది. అంతే!

నిజానికి పాత కారంటే మనకి మోజే. 2018లో ‘మహానటి’ చూసి బయటికొచ్చాక మా స్నేహితులు కీర్తి సురేష్ నటన గురించి ఎంతసేపు మాట్లాడుకున్నారో, తెరమీద తిరిగిన ఆ కాలపు కార్ల గురించీ అంతసేపూ మాట్లాడుకున్నారు. పాత మద్రాసు వీధి చూపించాలంటే గోడల మీద పాత పోస్టర్లు అంటిస్తే చాలదు. ఆనాటి కారొకటి హారను కొట్టుకుంటూ అడ్డంగా వెళ్లాలి. అలాంటి కార్లు ఆకాశంలోంచి ఊడిపడవు. ఎక్కడో ఒక ఇంటివాళ్లు, ఎప్పుడో ఒకప్పుడు ‘దీన్ని తుక్కుకి వెయ్యొద్దు’ అనుకుంటేనే మిగుల్తాయి.

ఆ అనుకోవడం ఎంత కష్టమో ఈ వేసవిలో మా ఇంట్లో కళ్లారా చూశాను. ఆ ముచ్చట చెప్పే ముందు మీకు రెండు పాత సినిమాలు గుర్తు చెయ్యాలి.

ఒక ఏడాది, రెండు డొక్కు కార్లు

1958లో రిత్విక్ ఘటక్ అనే బెంగాలీ దర్శకుడు ‘అజాంత్రిక్’ అని ఒక సినిమా తీశాడు. హీరో బిమల్ టాక్సీ డ్రైవరు. ఆ వేషం కాళీ బెనర్జీ వేశాడు. హీరోయిన్ ఎవరనుకున్నారు? ఓ పాత షెవర్లే డొక్కు కారు! దాని పేరు జగద్దళ్. బిమల్ దానితో మాట్లాడతాడు, కోప్పడతాడు, బతిమాలతాడు. చూసినవాళ్లంతా అతనికి పిచ్చి పట్టిందనుకుంటారు. ఉన్న డబ్బంతా దాని మరమ్మతుకి పోస్తాడు. అయినా బండి లేవదు. చివరికి తుక్కు కొనేవాడొచ్చి విడగొట్టి పట్టుకుపోతాడు. అప్పుడు వెనకనుంచి జగద్దళ్ హారను వినిపిస్తుంది. తిరిగి చూస్తే ఓ పసివాడు ఆ హారనుతో ఆడుకుంటున్నాడు! బిమల్ మొహంలో ఏడుపులోంచి నవ్వు వస్తుంది.

సరిగ్గా అదే ఏడాది బొంబాయిలో ‘చల్తీ కా నామ్ గాడీ’ వచ్చింది. అశోక్ కుమార్, అనూప్ కుమార్, కిశోర్ కుమార్ ముగ్గురన్నదమ్ములూ గరాజు నడిపే అన్నదమ్ములుగానే వేశారు. అందులోనూ ఒక డొక్కు కారుంది. అది కనిపిస్తే చాలు, హాల్లో నవ్వులే నవ్వులు.

ఒకే ఏడాది వచ్చిన రెండు సినిమాల్లో డొక్కు కారు ఒకచోట ఏడిపించింది, ఇంకోచోట నవ్వించింది. పాత కారున్న ప్రతి ఇంట్లోనూ ఈ రెండు సినిమాలూ ఒకేసారి ఆడుతుంటాయంటే నమ్మండి!

మద్రాసు పిల్ల

మా పెదనాన్న కారు స్టాండర్డ్ హెరాల్డు, మార్క్ త్రీ. 1969 మోడలు, లేత నీలం రంగు, నాలుగు తలుపులు.

ఇప్పటి కుర్రకారుకి అంబాసిడర్ తెలుసు, ఫియట్ తెలుసు. హెరాల్డు అంటే మాత్రం అదేదో ఇంగ్లీషు పేపరనుకుంటారు! 1960లలో మన దేశంలో తయారై మధ్యతరగతి వాకిళ్లలో కనిపించిన కార్లు ముఖ్యంగా మూడు. కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో అంబాసిడర్, బొంబాయి కుర్లాలో ఫియట్, మద్రాసు పొలిమేరలో వండలూరు దగ్గర హెరాల్డు. అంటే ఆ రోజుల్లో తెలుగు సినిమా, హెరాల్డు కారు ఒకే ఊళ్లో తయారయ్యేవన్నమాట!

పుట్టింది మాత్రం ఇంగ్లండులో. 1959లో ట్రయంఫ్ కంపెనీ తెచ్చింది. బొమ్మ గీసినవాడు ఇటలీకి చెందిన మికెలోట్టి. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు 948 సీసీ ఇంజనుతో తయారుచేశారు. నాలుగు తలుపుల హెరాల్డు మన దేశంలో తప్ప ఇంకెక్కడా తయారు కాలేదు. దీని బానెట్ చూడాలి... హెడ్‌లైట్లు, మడ్‌గార్డులతో సహా ముందుభాగం మొత్తం మొసలి నోరు తెరిచినట్టు ముందుకి తెరుచుకుంటుంది. మెకానిక్కు టైరు మీద కూర్చుని హాయిగా పని చేసుకోవచ్చు.

వెనక చక్రాల అమరిక మాత్రం మన మెకానిక్కులకి నచ్చలేదు. అందుకే 1971 తర్వాత వచ్చిన ‘గజెల్’ మోడల్లో దాన్ని మార్చేశారు. ఆ తర్వాత 1985లో అదే కంపెనీ ‘స్టాండర్డ్ 2000’ తెచ్చింది. అది ఆడలేదు. ఆ దశాబ్దం దాటకుండానే అక్కడ కార్ల తయారీ ఆగిపోయింది. దాంతో విడిభాగాలూ కరువయ్యాయి. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

రీళ్ల పెట్టెలు మోసిన బండి

మా పెదనాన్న విజయవాడ గాంధీనగరంలో ఒక సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్. ఇల్లేమో తెనాలి. హీరో కృష్ణ ఊరు బుర్రిపాలెం పక్కనే కావడంతో మా వాడకట్టులో సినిమా పిచ్చి కాస్త ఎక్కువే.

ఇప్పుడు సినిమా థియేటరుకి డిజిటల్‌గా వచ్చేస్తోంది. అప్పుడు పెట్టెల్లో వచ్చేది. ఒక తెలుగు సినిమా ప్రింటు అంటే పద్నాలుగు, పదహారు రీళ్లు. ఇనప పెట్టెల్లో సర్ది, తాళం వేసి, ఆట వేళకి ఊరు చేర్చాలి. బస్సు దాటిపోతే, లారీ దిగబడిపోతే, ‘పెట్టె రాలేదు’ అన్నారంటే జనం కుర్చీలు విరగ్గొట్టేవాళ్లు. అలాంటి రోజుల్లో మా పెదనాన్న 1976లో విజయవాడలో ఒక డాక్టరు గారి దగ్గర ఈ హెరాల్డు సెకండ్‌హాండ్‌లో కొన్నాడు. డిక్కీలో రీళ్ల పెట్టెలు, వెనక సీట్లో పోస్టర్ల కట్టలు, ముందు సీట్లో డి.సి.ఆర్. పుస్తకం. డి.సి.ఆర్. అంటే ఏ ఆటకి ఎన్ని టిక్కెట్లు తెగాయో రాసే రోజువారీ కలెక్షన్ రిపోర్టు. రేపల్లె, బాపట్ల, చీరాల, గుడివాడ... కృష్ణకి ఇటూ అటూ ఆ బండి తిరగని సినిమా హాలు లేదంటుంది మా పెద్దమ్మ.

1994లో క్లచ్చి పోయింది. సామాను దొరకలేదు. ‘దొరికినప్పుడు వేద్దాం’ అని పెరట్లో వేపచెట్టు కింద పెట్టి బరకం కప్పారు. 2003లో పెదనాన్న పోయాడు. బండి అక్కడే ఉండిపోయింది. మా తరం పిల్లలందరం దాని స్టీరింగు పట్టుకుని నోటితో ‘డుర్ర్’మంటూ లోకమంతా తిరిగొచ్చిన వాళ్లమే.

ఇప్పుడు ఆ ఇల్లు అపార్టుమెంటు కట్టడానికి ఇచ్చారు. రెండు నెలల్లో స్థలం ఖాళీ చెయ్యాలి. చెట్టూ పోతుంది, కారూ కదలాలి. ఎక్కడికి?

తలో మాట

హైదరాబాదులో ఉద్యోగం చేసే పెద్దన్నయ్య మాట సూటిగా ఉంది. ‘‘పిల్లదాని కాలేజీ ఫీజుకే కిందా మీదా పడుతున్నా. ఈ తుప్పు మీద రూపాయి పెట్టలేను. ఎవడెంతిస్తే అంతకి ఇచ్చేద్దాం.’’

అమెరికాలో ఉన్న చిన్నన్నయ్య వీడియో కాల్లో కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ‘‘నాన్న గుర్తురా అది! కొత్త బండిలా తయారు చేయించండి. డబ్బు నేను పంపిస్తా.’’ ఎంతవుతుందో మాత్రం అడగలేదు.

పాత ఇనుము వాడు వచ్చి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి 22 వేలన్నాడు.

హైదరాబాదు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. షూటింగులకి పాత కార్లు సప్లయి చేస్తాడట. ఫోటోలు చూసి ఉన్నదున్నట్టుగా 85 వేలిస్తానన్నాడు. ‘‘మళ్లీ సినిమాల్లోకే వెళ్తుందన్నమాట!’’ అని నేను సంబరపడేలోగా ఆయనే అన్నాడు: ‘‘నిజం చెప్తానండీ. నడిస్తే హీరో బండి. నడవకపోతే వెనకాల నిలబెట్టే బండి. ఫైటు సీను పడిందా... తగలబెట్టే బండి.’’

మా పెద్దమ్మ మాత్రం ఏమీ అనలేదు. ‘‘ముందు ఎవరన్నా తెలిసినోణ్ణి పిలిచి చూపించండిరా. చూడకుండా ఏంది ఈ పంచాయితీ?’’ అంది. అందరిలోకీ తెలివైన మాట అదే!

ఆటోనగర్ తీర్పు

విజయవాడ ఆటోనగర్ నుంచి ఒక ముసలి మేస్త్రిని తీసుకొచ్చాను. హెరాల్డుల మీద పనిచేసిన చెయ్యి. ఆయన బరకం ఎత్తగానే అన్న మొదటి మాట: ‘‘దీన్ని చంపింది వాన కాదు బాబూ. ఈ బరకం.’’

ఎలాగంటే... బరకం పైనుంచి వచ్చే వానని ఆపుతుంది, నిజమే. కానీ నేలలోంచి వచ్చే తేమని లోపలే బంధించేస్తుంది. అసలే మాది కృష్ణా డెల్టా, తేమకేం కొదవ! ఇనుముకి నీరూ గాలీ రెండూ తగిలితే తుప్పు. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది. అందుకే రంగు బుడగల్లాగా ఉబ్బి పగులుతుంది. ఆ పగుళ్లలో నీరు నిలుస్తుంది, ఆ నీరు మళ్లీ తుప్పు పట్టిస్తుంది. ఒకసారి మొదలైతే తనని తనే పెంచుకునే జబ్బు అది.

మేస్త్రి జేబులోంచి పాత స్పీకరు అయస్కాంతం ఒకటి తీశాడు. దాన్ని తలుపుల మీద, మడ్‌గార్డుల మీద ఆనిస్తూ వెళ్లాడు. అతుక్కున్నచోట రేకుంది. జారిపోయినచోట కింద రేకు లేదు, ఎప్పుడో పెట్టిన లప్పం ఉంది! పాత కారు కొనబోయే కుర్రాళ్లకి ఇంతకన్నా చవక పరీక్ష లేదు.

తర్వాత కిందికి దూరాడు. ‘‘పైనున్న తుప్పు చూసి భయపడమాకండి. కిందున్న తుప్పు చూసి భయపడండి’’ అన్నాడు. ఈ కాలపు కార్లకి ఒళ్లూ ఎముకా ఒకటే. హెరాల్డుకి అలా కాదు. కింద ఛాసిస్ వేరే ఉంటుంది. దానిమీద ఒళ్లుని ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించారు. కాబట్టి ఒక ముక్క చెడితే అది విప్పి పని చెయ్యొచ్చు. కానీ ఛాసిస్సే పోతే కథ కంచికే.

స్క్రూడ్రైవరు పిడితో ఛాసిస్ అంతా తట్టుకుంటూ వెళ్లాడు. ‘ఠంగు’మంటే ఇనుము, ‘తుస్సు’మంటే తుప్పు. నిలువునా ఉండే రెండు పెద్ద కమ్మీలూ ఠంగుమన్నాయి. ఒంటిని మొయ్యడానికి పక్కలకి చేతుల్లాగా చాచిన కమ్మీల్లో వెనకవి రెండు తుస్సుమన్నాయి. డ్రైవరు కాళ్ల దగ్గర నేల లేదు, మట్టి కనిపిస్తోంది. బ్రేకుల రబ్బర్లు రాయిలా అయిపోయాయి. ఇంజను పట్టేసింది.

‘‘బ్యాటరీ తెచ్చి సెల్ఫ్ కొట్టి చూద్దామా?’’ అన్నాడు పక్కింటి కుర్రాడు ఉత్సాహంగా. మేస్త్రి వాడి చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. ముప్ఫై ఏళ్లు ఆగిన ఇంజన్లో పిస్టను రింగులు సిలిండరు గోడకి తుప్పుతో అతుక్కుని ఉంటాయి. బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి, గోడలు గీరుకుంటాయి. ప్లగ్గులు విప్పి, ఆ కన్నాల్లోంచి నూనె పోసి, రోజుల తరబడి నాననిచ్చి, ఆ తర్వాత చేత్తో నెమ్మదిగా తిప్పి చూడాలి.

డిక్కీ మూత ఎత్తినప్పుడు ఒకటి కనిపించింది. నేల మీద వరసగా లోతైన గీతలు. రీళ్ల పెట్టెల ఇనప అంచులు పద్దెనిమిదేళ్ల పాటు రాసిన రాత అది. పెద్దమ్మ వంగి ఆ గీతల మీద వేలు పెట్టి చూసింది. ఏమీ అనలేదు.

మేస్త్రి లెక్క రెండు రకాలుగా చెప్పాడు. పూర్తిగా విప్పి, కొత్త పెళ్లికూతుర్ని చెయ్యాలంటే 7 లక్షలు, ఏడాదిన్నర. నడిచేలా మాత్రం చెయ్యాలంటే 2 లక్షల 20 వేలు.

దారులు నాలుగు

ఆ రాత్రి మేడమీద మా ఇంటి అసెంబ్లీ సమావేశం! ఆర్టీఏ ఆఫీసు వ్యవహారం నామీద పెట్టారు కాబట్టి నేను కనుక్కున్న సంగతులు చెప్పాను. మీకూ పనికొస్తాయి.

అన్నిటికన్నా ముందు కాగితం. ఆర్.సి. ఇంకా పోయిన పెదనాన్న పేరుమీదే ఉంది. యజమాని పోయాక వారసులు ఫారం 31 పెట్టుకుని పేరు మార్పించుకోవాలి. అమ్మాలన్నా, బాగు చేయించి రోడ్డెక్కించాలన్నా దీని తర్వాతే.

మొదటి దారి, తుక్కు. ఇందులో తప్పేమీ లేదు. కానీ పాత ఇనుము వాడికి తోలేసి చేతులు దులుపుకుంటే చాలదు. బండి పనికిరాకుండా పోతే 14 రోజుల్లోగా ఆ సంగతి రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. లేకపోతే ఆ నంబరు ఇంకెక్కడ తేలినా మన మెడకే. 2021 నుంచి ప్రభుత్వ గుర్తింపున్న స్క్రాపింగు కేంద్రాల పద్ధతి వచ్చింది. అక్కడ ఇస్తే ‘సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్’ ఇస్తారు. కొత్త బండి కొనేటప్పుడు దానివల్ల కొన్ని రాయితీలుంటాయి.

రెండో దారి, మామూలు కారుగానే నడుపుకోవడం. ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి. 15 ఏళ్లు దాటిన కారుకి ఈ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకి పెరిగింది. 20 ఏళ్లు దాటిన కార్లకి 2025 ఆగస్టులో 10,000 చేశారు.

మూడోది వింటేజ్ రిజిస్ట్రేషన్. 2021 జులైలో కేంద్రం నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, ఒళ్లు, ఇంజను పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉన్న బండికి ఈ హోదా దొరుకుతుంది. కొత్తగా నమోదు చేస్తే నంబర్లో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. రుసుము 20,000, గడువు పదేళ్లు. ఇదివరకే నంబరున్న బండి పాత నంబరే ఉంచుకోవచ్చు. వినడానికి బాగుంది కదూ! అయితే ఒక మెలిక ఉంది. ఆ హోదా వచ్చాక ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, మరమ్మతుకి తప్ప రోజువారీ తిరుగుడుకీ, వ్యాపారానికీ రోడ్డెక్కించకూడదు. అంటే గౌరవం పెరుగుతుంది, పని తగ్గుతుంది. సీనియర్ నటులకి సన్మానాలు ఎక్కువై వేషాలు తగ్గినట్టు!

నాలుగోది మ్యూజియమో, షూటింగో. మద్రాసు వడపళనిలో ఏవీఎం స్టూడియో వాళ్లు 2023లో తెరిచిన హెరిటేజ్ మ్యూజియంలో పాత సినిమా పరికరాలతో పాటు పాత కార్లూ కొలువుదీరాయి. మ్యూజియం బండికి అందమో, చరిత్రో ఉండాలి. షూటింగు బండికి ఓర్పుండాలి. మనదానికి ప్రస్తుతానికి నేలే లేదు!

రెండు ముస్టాంగ్‌ల కథ

ఇక్కడే నేను మావాళ్లకి హాలీవుడ్ కథ ఒకటి చెప్పాను. 1968లో ‘బుల్లిట్’ అనే సినిమా వచ్చింది. హీరో స్టీవ్ మెక్వీన్, దర్శకుడు పీటర్ యేట్స్. శాన్‌ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల రోడ్ల మీద కార్ల ఛేజింగు ఉంటుంది చూడండి... ఇప్పటికీ ప్రతి ఫైట్ మాస్టరూ ఒకసారి చూసి నమస్కారం పెట్టుకోవలసిందే. అందులో ముదురాకుపచ్చ ముస్టాంగ్‌లు రెండు వాడారు. ఒకటి హీరో నడిపేది, రెండోది గెంతులకి.

హీరో కారుని 1974లో ఒక కుటుంబం సుమారు 6,000 డాలర్లకి కొనుక్కుంది. ఆ ఇంటి ఇల్లాలు టీచరు. ఆ కార్లోనే బడికి వెళ్లొచ్చేది! 1977లో సాక్షాత్తు స్టీవ్ మెక్వీనే ‘నా కారు నాకిచ్చెయ్యండి’ అని ఉత్తరం రాశాడు. వాళ్లివ్వలేదు. 1980లో క్లచ్చి పోయి ఆగిపోయింది. (మా హెరాల్డు లాగానే!) ఎన్నో ఏళ్లు లోకానికి ఆచూకీ లేదు. తండ్రి పోయాక కొడుకు దాన్ని నడిచేలా చేశాడు. రంగు మాత్రం వెయ్యలేదు. సొట్టలు తియ్యలేదు, కెమెరాలు బిగించడానికి పెట్టిన అమరికల జాడలు చెరపలేదు. 2018లో డెట్రాయిట్ మోటార్ షోలో ఆ వాలకంతోనే జనం ముందుకొచ్చింది. 2020 జనవరిలో వేలం వేస్తే ఖర్చులతో కలిపి 37 లక్షల 40 వేల డాలర్లు పలికింది!

మరి గెంతుల కారు? 2017లో మెక్సికోలోని బాహా కాలిఫోర్నియాలో ఓ పాత బళ్ల మధ్య దొరికింది. ఇంజను లేదు, తుప్పు, పైన ఎవరో వేసిన తెల్లరంగు. కొన్నవాళ్ల ఆలోచన దాన్ని కోసి ‘గాన్ ఇన్ సిక్స్టీ సెకండ్స్’ సినిమాలోని కారుకి నకలు చేద్దామని! ఛాసిస్ నంబరు వెతికి చూడబట్టి ఆగారు. లేకపోతే ఒక సినిమా చరిత్రని కోసి ఇంకో సినిమాకి డూపుని చేసేవాళ్లన్నమాట.

‘‘అంటే మనదీ కోట్లు చేస్తుందా బాబాయ్?’’ అంది పెద్దన్నయ్య కూతురు, కళ్లు ఇంతింత చేసుకుని.

చెయ్యదు! అది ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. మన హెరాల్డుని స్టీవ్ మెక్వీన్ నడపలేదు, మీ తాతయ్య నడిపాడు. ఏడు లక్షలు పెట్టి మెరిపించినా అమ్మితే ఏడు లక్షలు తిరిగి రావని మేస్త్రి ముందే చెప్పాడు. ఆ కథలోంచి మనం తీసుకోవలసింది కోట్లు కాదు. బండి పడ్డ కష్టం దాని ఒంటిమీద కనబడితే, ఆ గుర్తుల్ని లప్పంతో పూడ్చెయ్యడం బాగుచెయ్యడం కాదు... అదీ సంగతి!

పెద్దమ్మ క్లైమాక్సు

చిన్నన్నయ్య ఫోన్లో ‘కొత్త బండిలా చెయ్యాల్సిందే’నంటున్నాడు. పెద్దన్నయ్య ‘ఆ డబ్బు అమ్మ మందులకి పంపరా’ అంటున్నాడు. మాట మీద మాట పెరిగింది. పెదనాన్న పోయినప్పుడు కూడా గొంతు పెంచుకోని అన్నదమ్ములు ఒక డొక్కు కారు దగ్గర పెంచుకున్నారు.

అప్పుడు పెద్దమ్మ నోరు విప్పింది.

‘‘మీ నాన్న దాన్ని ముద్దు చెయ్యలేదురా. పని చేయించాడు. పనిచేసినన్నాళ్లూ చూసుకున్నాడు. చెట్టు కింద పెట్టిన రోజునుంచీ దానివంక సరిగ్గా చూసేవాడు కాదు. తలొంచుకుని దొడ్లోకెళ్లేవాడు. నాకు తెలుసు. అది పనిచేసేటట్టయితే చేయించండి. కాదంటారా, దాని సామాను ఇంకో బండికి పనికొస్తే ఇచ్చెయ్యండి. అంతేగాని ఇంకో చెట్టు కిందకి మార్చి ఇంకో బరకం మాత్రం కప్పొద్దు.’’

అందరూ నిశ్శబ్దం. ముప్ఫై ఏళ్లుగా మా ఇంట్లో ఎవరూ ‘తుక్కు’ అనలేదు, ‘బాగుచేద్దాం’ అనలేదు. ‘చూద్దాం’ అన్నారు. ఆ ‘చూద్దాం’ అనే మాటే డ్రైవరు కాళ్ల కింది నేలని తినేసింది.

ఆ రాత్రి తేలిన నిర్ణయం ఇది. ఆర్.సి. పెద్దమ్మ పేరుకి మారుతుంది. పని రెండు మెట్లుగా. మొదటి మెట్టు ఛాసిస్ చేతులు, నేల, బ్రేకులు, ఇంజను విడిపించడం. దీనికి గీత 60 వేల దగ్గర గీశాం. ఇంజను బాగుంటే రెండో మెట్టు. మొత్తం 2 లక్షల 20 వేలు దాటకూడదు. ఇంజను దిమ్మ పగిలిందని తేలితే అక్కడితో ఆగిపోవాలి. కన్నీళ్లు పెట్టుకోకూడదు. విడిభాగాల కోసం వెతుక్కుంటున్న హెరాల్డు వాళ్లు కోయంబత్తూరులో ఒకరు, విజయవాడలోనే ఒకరు మేస్త్రికి తెలుసు. మన బానెట్, తలుపులు, గేర్‌బాక్సు వాళ్లకి. మొసలి నోరు ఇంకో ఒంటికి అతుక్కుని బతుకుతుంది. అదీ బతుకే.

రంగు వెయ్యం. తుప్పు గీకి, మళ్లీ పట్టకుండా పూత పూస్తాం, అంతే. డిక్కీలో గీతలు అలాగే ఉంటాయి. డబ్బు చిన్నన్నయ్యది, తిరుగుడు నాది. పెద్దన్నయ్య మాత్రం ‘‘నడిచిందంటే మొదట మా పిల్లదాన్ని కాలేజీలో దింపాలి’’ అని షరతు పెట్టాడు. ఫీజు గురించి గొణిగిన మనిషే!

షూటింగులాయనకి కూడా కబురు చేశాను. ‘‘నడిస్తే అద్దెకిస్తాం. కొయ్యడం, కాల్చడం, రంగు మార్చడం కుదరదు.’’ ఆయన నవ్వి ‘‘అయితే హీరో బండే’’ అన్నాడు. వింటేజ్ హోదా వద్దనుకున్నాం. సన్మానం కన్నా వేషమే ముఖ్యం.

ఇది రాస్తున్న నాటికి కారు ఆటోనగర్ షెడ్డులో ఉంది. ప్లగ్గు కన్నాల్లో నూనె పోసిన తొమ్మిదో రోజున ఇంజను చేత్తో తిప్పితే అర చుట్టు కదిలిందని మేస్త్రి ఫోన్ చేశాడు. అర చుట్టే! స్టార్టవుతుందో లేదో ఇంకా తెలీదు. సినిమా ఇంటర్వెల్ దాకా వచ్చిందన్నమాట.

మీ ఇంట్లోనూ ఉందా?

కారే కానక్కర్లేదు. తాతయ్య లాంబ్రెట్టా, మావయ్య రాజ్‌దూత్, బాబాయి జావా... ఏదో ఒకటి ఎక్కడో ఒక సందులో బరకం కింద మీకోసం కాచుకుని ఉండొచ్చు. ఈ ఆదివారం మార్నింగ్ షోకి వెళ్లేముందు ఒక్కసారి ఆ బరకం ఎత్తండి. అయస్కాంతం పెట్టి చూడండి. ఆర్.సి. ఎవరి పేరుమీదుందో చూడండి. తెలిసిన మేస్త్రిని పిలవండి. ఎంతవరకు ఖర్చు పెట్టగలరో పని మొదలెట్టకముందే కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత తుక్కుకి వేసినా సరే, తెరమీదకి పంపినా సరే. ఏదో ఒకటి మీరు నిర్ణయించండి.

మీరు నిర్ణయించకపోతే తుప్పు నిర్ణయిస్తుంది. దానికి పారితోషికం అక్కర్లేదు, కాల్షీట్ల గొడవ లేదు. రోజూ మూడు షిఫ్టులూ పనిచేస్తుంది!